పెనుకొండ వంపులో ముప్పై అయిదు

దయ్యాలున్నాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్మను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు వాళ్ల ఇంట్లో గొడవేమిటో కనుక్కోండి అనే రకం నేను. తాయెత్తు కట్టించుకున్నది లేదు, దారిలో నిమ్మకాయ తొక్కితే వెనక్కి తిరిగి చూసుకున్నదీ లేదు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. కింద రాసింది చదివి, వీడికి ముందు నుంచే ఇలాంటి పిచ్చి ఉంది అని ఎవరూ అనుకోకూడదని చెబుతున్నాను. అనుకోవాల్సినవాళ్లు ఇప్పటికే చాలా అనుకున్నారు.

నేను ఉండేది ధర్మవరంలో. పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. మా నాయన గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో గీసేవాడు. అదే పని నేను కంప్యూటర్లో చేస్తున్నాను. ఒక్కొక్క గడి నింపుకుంటూ పోతే అంచులో చిలక వస్తుంది, కొంగులో నెమలి వస్తుంది. ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం మీదికి ఎక్కిస్తారు. కళ్లు పోయే పని. ఇప్పుడు దానికీ గిరాకీ తగ్గింది. అంగట్లో వేలాడే చీరను ఫోన్లో ఫొటో తీసి డిజైన్ దింపుకునే రోజులొచ్చాక, కూర్చుని గీసేవాణ్ణి ఎవరు పిలుస్తారు?

ఈ దొంగతనం కొత్తది కాదు, నాయన కాలంలోనూ ఉంది. అందుకే ఆయనకు ఒక అలవాటు ఉండేది. ప్రతి డిజైన్లోనూ ఒకచోట కావాలని ఒక చిన్న తప్పు పెట్టేవాడు. అంచులోని చిలకలన్నీ ఒకలా ఉంటే, ఒక్క చిలక కన్ను మాత్రం ఒక గడి కిందికి దిగి ఉంటుంది. కట్టుకున్నవాళ్లకు కనబడదు, నేసినవాళ్లకూ కనబడదు. అదే డిజైన్ వేరే వాళ్ల మగ్గం మీద కనిపిస్తే మాత్రం వేలు పెట్టి ఇది నాది అని చూపించొచ్చు. ఆ అలవాటు నాకూ వచ్చింది.

నాకున్న ఒకే ఒక్క వ్యసనం రైలు సిమ్యులేటర్. అంటే కంప్యూటర్లో రైలు నడిపే ఆట. నాకు నడపడం కన్నా కట్టడం ఇష్టం. పట్టాలు పరచాలి, స్టేషన్లు కట్టాలి, సిగ్నళ్లు నిలబెట్టాలి. ఆ తర్వాత సినారియో అల్లాలి. ఒక ప్యాసింజరు బయలుదేరుతుంది, నడుమ ఒక స్టేషన్లో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి పక్కకు ఆగుతుంది, కాసేపటికి వాన మొదలవుతుంది, ముందు సిగ్నల్ పచ్చగా ఉండాల్సింది పసుపు పడుతుంది. ఇదంతా మనం ముందే కూర్చి పెడితే ఆడేవాడు వచ్చి నడుపుతాడు.

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా లైను మొత్తం నేను కట్టాను. ఏళ్లు పట్టింది. ఆదివారం వస్తే రైలెక్కి, తలుపు దగ్గర నిలబడి వీడియో తీసుకొచ్చేవాణ్ణి. ఏ గుట్ట ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ వేరుశెనగ చేలు ఆగి బండలు వస్తాయో అన్నీ అందులో ఉన్నాయి. పెనుకొండ కొండ మీది కోట గోడ కిటికీలోంచి ఎలా కనబడుతుందో ఆటలోనూ అలాగే కనబడుతుంది. మా ఆవిడ దాన్ని బొమ్మ రైలు అనేది. బయటివాళ్లు అంతకన్నా పెద్ద మాటలే అన్నారు.

అన్నిటికన్నా విసుగు పుట్టించేవి స్పీడు బోర్డులు. పసుపు పలక మీద నల్ల అంకెలు, కింద నలుపు తెలుపు పట్టీల స్తంభం. అక్కడి నుంచి గంటకు అన్ని కిలోమీటర్లకు మించి బండి పోకూడదని అర్థం. ఆటలో బోర్డు వేరు, వేగం హద్దు వేరు. బోర్డు వట్టి బొమ్మ. హద్దును పట్టాల మీద విడిగా రాయాలి. బోర్డు పెట్టి హద్దు రాయకపోతే ఆట దాన్ని పట్టించుకోదు, ఎంత వేగంగా దాటినా తప్పు పట్టదు. ఇది కట్టేవాళ్లకు తప్ప ఆడేవాళ్లకు తెలియదు.

బోర్డుల విషయంలో మా బావ సాయం చేశాడు. ఆయన మా అక్క భర్త, లోకో పైలట్, ఈ లైను మీదే బండి నడుపుతాడు. ఏ బోర్డు ఎక్కడుందో ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను.

అంతా అయ్యాక నాయన అలవాటు ప్రకారం ఒక తప్పు పెట్టాను. హిందూపురం నుంచి వస్తుంటే పెనుకొండకు ముందు ఒక వంపు ఉంది. అక్కడ బోర్డు లేదు. బండి ఆ వంపులో జోరుగా పోయేది, తలుపు దగ్గర నిలబడితే చొక్కా పటపట కొట్టుకునేది. నేను అక్కడ ముప్పై అయిదు అని ఒక బోర్డు నిలబెట్టాను. కింద హద్దు రాయలేదు. అంటే బోర్డు ఉంది, దానికి పనిలేదు.

ఆ అంకెలు కూడా నేనే గీశాను. చీర డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్లోనే, గడి గడిగా. అందుకని అయిదు పొట్ట గుండ్రంగా రాలేదు, మెట్లు మెట్లుగా వచ్చింది. పైన గీత నేరుగా ఉండకుండా తీగ చివరలా కొంచెం కిందికి వంగింది. చెయ్యి అలవాటు. స్తంభాన్ని కొద్దిగా పట్టాల వైపు వంచాను.

తరువాత మా బావ ఇంటికి వచ్చినప్పుడు ఆ వంపు దాకా నడిపి చూసి పకపక నవ్వాడు. "ఏమబ్బా బామ్మర్దీ, ఈడ ముప్పై అయిదు యాడిది? ఈ వంపులో నేను బ్రేకు మీద చెయ్యే పెట్టను. నువ్వు కొత్తగా రూలు పెట్టినావా ఏమి?" అన్నాడు. ఎందుకు పెట్టానో చెప్పాను. మీ నాయన బుద్ధులే వచ్చినాయి నీకు అని ఇంకాసేపు నవ్వాడు. అప్పుడు ఆయన చేతిలో అలసందల వడ ఉంది. ఇంత బాగా గుర్తున్న సంగతిని నేను కల్పించుకున్నానంటే ఎలా ఒప్పుకోను?

ఇక హరీష్ గురించి. వీడిది హిందూపురం. ఎర్రమంచి దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేసేవాడు. రైలు ఆట ఆడేవాళ్ల గ్రూపులో పరిచయం. అన్నా అన్నా అంటూ ఇంటికి వచ్చేవాడు, మా ఆవిడ పెట్టింది తినేవాడు. విడుదల చేసే ముందు ఎవరో ఒకరు నడిపి లోపాలు చెప్పాలి కదా అని, లైను మొత్తం, సినారియోలతో సహా, వాడి చేతికిచ్చాను.

నెల తిరక్కుండానే అది వాడి పేరుతో బయటికి వచ్చింది. స్టేషన్ల ముందు రెండు చెట్లు మార్చాడు, సినారియోలకు పేర్లు మార్చాడు. మిగతాదంతా నాదే. గ్రూపంతా వాడికి దండలు వేసింది. అంతటితో పోలేదు. రైలు నడిపేవాళ్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్లు చేసే ఒక కంపెనీ బెంగుళూరులో ఉంది. వాళ్లు అది చూసి, ఇలా కట్టగలిగినవాడు మాకు కావాలని వాడికి కబురు పెట్టారు. మగ్గాల పని మూలపడుతున్న రోజుల్లో నాకు రావలసిన ఉద్యోగం అది. కళ్ల ముందే వాడి ఇంటికి పోయింది.

నేను ఊరుకోలేదు. గ్రూపులో రాశాను. ఇది నాది. పెనుకొండ ముందు వంపులో ఉన్న ముప్పై అయిదు బోర్డు అసలు లైను మీద లేదు, దొంగ దొరకాలని నేనే పెట్టాను. దాని కింద వేగం హద్దు కూడా లేదు. వాడు నిజంగా లైను చూసి కట్టి ఉంటే లేని బోర్డు వాడికి ఎలా వచ్చింది? ఎవరైనా వెళ్లి చూసుకోండి. అంతే రాశాను. ఆ రోజు చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

హరీష్ జవాబు ఇవ్వలేదు. గ్రూపు వాడి మీద పడింది. దొంగ నోరు విప్పడు అని కొందరు రాశారు. కంపెనీవాళ్లకు కూడా ఈ సంగతి తెలియజేయాలని ఒకాయన అన్నాడు. నేను కాలు మీద కాలు వేసుకుని చదువుకున్నాను.

అప్పుడు పెనుకొండలో టీచరుగా పనిచేసే ఒకాయన వీడియో పెట్టాడు. రోజూ హిందూపురం నుంచి రైల్లో వచ్చిపోయే మనిషి, ఈ గొడవలో ఏ పక్షమూ కాదు. కిటికీలోంచి తీశాడు. వంపు వచ్చింది, బండి నెమ్మదించింది, పసుపు బోర్డు కనిపించింది. ముప్పై అయిదు.

ఆ తర్వాత నా మీద రాసినవి ఇక్కడ రాయను. ఈర్ష్య అన్నారు, పిల్లవాడి పొట్ట కొట్టబోయాడన్నారు. నిన్నటిదాకా హరీష్‌ను తిట్టినవాళ్లే ఎక్కువ తిట్టారు.

కొత్తగా పెట్టి ఉంటారు అనుకున్నాను. నేనలా రాసిన వారంలోనే, అదే చోట, అదే అంకెతో. ఖర్మ అంటే ఇదే అనుకుని మరునాడు పెనుకొండలో దిగి, ఆటో పట్టుకుని, చేను గట్ల మీద నడుచుకుంటూ ఆ వంపు దగ్గరికి పోయాను. ఎండ బాగా కాస్తోంది. పక్క చేలో వేరుశెనగ పూత మీద ఉంది.

బోర్డు ఉంది. కొత్తది కాదు. రంగు ఎండకు పగిలి పెచ్చులు లేచింది. స్తంభం అడుగున తుప్పు పట్టి, చుట్టూ బోద గడ్డి ఎత్తుగా పెరిగి ఉంది. కొద్దిగా పట్టాల వైపు వంగి ఉంది.

ఒక ముసలామె మేకను ఆ స్తంభానికి కట్టేసి గట్టు మీద కూర్చుంది. "ఏం చూస్తాండావు నాయనా దాన్ని?" అంది. ఈ బోర్డు ఎప్పుడు పెట్టారవ్వా అని అడిగాను. "ఎవురికి తెలుసు. నేను ఈ చేనికి వచ్చేటప్పటికే ఉండాది. నా మ్యాకను దీనికే కడతా" అంది. తాడు ఒరుసుకుని స్తంభానికి రంగు పోయి, ఇనుము నున్నగా మెరుస్తోంది. అది వారంలో అయ్యే పని కాదు.

తల ఎత్తి అంకెలు చూశాను. అయిదు పొట్ట మెట్లు మెట్లుగా ఉంది. పైన గీత తీగ చివరలా కిందికి వంగింది. బ్రష్షుతో రాసేవాడు ఎవడూ అయిదును అలా రాయడు. గళ్లలో గీసే నాలాంటివాడే అలా గీస్తాడు. ఆ అవ్వ నీళ్లు ఇచ్చింది, తాగి కాసేపు అక్కడే కూర్చున్నాను.

ఆ అయిదును దగ్గరగా ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. నా గీతను చూసైనా నమ్ముతారనుకున్నాను. ఎంత తెలివితక్కువతనమో వెంటనే తెలిసింది. బోర్డు చూసే కదా అచ్చుగుద్దినట్టు గీశావు, ఇంక కల్పించాను అంటావేమిటి అన్నారు. నా చేతి గీతే నా మీద సాక్ష్యమైంది.

సరే, హద్దు రాయలేదన్న సాక్ష్యమైనా మిగిలింది కదా అనుకున్నాను. ఇంటికి వచ్చి, ఎవరికీ ఇవ్వని నా అసలు ఫైలు తెరిచాను. ఆ వంపులో పట్టాల మీద హద్దు రాసి ఉంది. ముప్పై అయిదు. నేను రాయలేదు. రాయకపోవడమే కదా నా కిటుకు. అలవాటులో రాసి మరిచిపోయానేమో అని ఎవరైనా అనొచ్చు. నేనూ అదే అనుకోవడానికి చాలా ప్రయత్నం చేశాను.

ఇక మిగిలింది మా బావ. హిందూపురంలో అక్క వాళ్ల ఇంటికి పోయి అడిగాను. ఆయన షేవింగ్ చేసుకుంటూ అద్దంలోంచే నన్ను చూశాడు. "ఏం మాట్లాడ్తాండావబ్బా. ఆ వంపులో ముప్పై అయిదే కదా. నేను అసిస్టెంటుగా చేరిన కాడి నుంచి ఉండాది."

మా ఇంట్లో కూర్చుని నువ్వే కదా బావా నవ్వింది, బ్రేకు మీద చెయ్యే పెట్టనన్నావు అన్నాను. వడ సంగతి కూడా చెప్పాను. ఆయన నురుగు తుడుచుకుని నా వైపు తిరిగాడు. వేళాకోళం చేసే మనిషి, ఆ ముఖంలో వేళాకోళం లేదు. "నేనట్ల ఎందుకంటా అప్పా? నా అన్నం ఆ లైను మీద. ఆడ దాటిస్తే నా ఉద్యోగం పోతాది" అన్నాడు. లోపలి నుంచి అక్క వచ్చి, ఆ కంప్యూటరు కొన్నాళ్లు మూసిపెట్టు అని చెప్పింది. స్టేషను దాకా నన్ను దింపడానికి వచ్చి, దారిలో నిద్ర సరిగా పడుతోందా అని అడిగింది. నా మీద జాలిపడుతోంది. బావ అబద్ధమాడినా అంత బాధ పడేవాణ్ణి కాదు. ఆయన అబద్ధమాడటం లేదు.

తలుపు దగ్గర నిలబడి తీసిన పాత వీడియోలన్నీ వెతికాను. ఆ వంపు ఉన్నచోట నేను అవతలి తలుపు నుంచి తీశాను, కోట గోడ కోసం. బోర్డు వైపు తీసింది ఒక్కటీ లేదు.

గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను. హరీష్ బెంగుళూరులో చేరిపోయాడని తెలిసింది. నేను మళ్లీ చిలకలు గీసుకుంటూ కూర్చున్నాను. తప్పు పెట్టడం మాత్రం మానేశాను. ఇప్పుడు నా చిలకలన్నిటికీ కళ్లు సరిగ్గా ఉంటాయి.

చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం హరీష్ మా ఇంటికి వచ్చాడు. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. వాణ్ణి చూడగానే నాకు చెంప పగలగొట్టాలనిపించింది. కానీ మనిషి చిక్కిపోయాడు, కళ్ల కింద నల్లగా ఉంది. మా ఆవిడ లోపలికి పోయి మళ్లీ రాలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"ఒక మాట చెప్పల్ల అన్నా," అన్నాడు. "నువ్వు గ్రూపులో పెట్టిన మరుసటి దినమే పోయి చూసినా. షిఫ్టు ఎగ్గొట్టి పోయినా. బండిలోంచి చూసినా, దిగి నడుచుకుంటా పోయి చూసినా. ఆడ ఏమీ లేదు."

గీస్తున్న చిలకను వదిలేసి వాడి వైపు తిరిగాను.

"దొరికిపోయినా అనుకున్నా. తప్పయిపోయిందని గ్రూపులో పెట్టేదానికి రాసి కూడా పెట్టుకున్నా. అంతలోనే ఆ సారు వీడియో వచ్చె. మళ్లీ పోయినా. ఉండాది. మ్యాకను కట్టిన గాటుతో సహా ఉండాది."

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. సంతోషమో కోపమో చెప్పలేను. నాకు పిచ్చి లేదని చెప్పిన మొదటి మనిషి వాడు. ఇదే మాట గ్రూపులో రాయి, మా బావ దగ్గరికొచ్చి చెప్పు అన్నాను.

"ఏమని చెప్పేదన్నా? ముందు నేను దొంగతనం చేసినా అని చెప్పల్ల. అది నమ్మి ఉద్యోగం తీసేస్తారు. రెండోది ఎవురూ నమ్మరు." చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "దినామూ ఆ లైనే ముందర పెట్టుకోని పనిచేస్తాండా. నిద్ర పట్టడంల్యా. నిజం చెప్పన్నా, ఇంక యాడన్నా ఇట్లాంటిది పెట్టినావా?"

అందుకోసం వచ్చాడు. క్షమించమని రాలేదు.

నేను ఇంకెక్కడా ఏమీ పెట్టలేదు. ఆ ఒక్క బోర్డే. కానీ వాడి ముఖం చూస్తూ, "పెట్టినా. వెతుక్కో" అన్నాను. వాడు లేచి చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయాడు. అలా అన్నందుకు నాకేమీ బాధ లేదు.

ఇది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. నేను గీసిన అంకె ఆ ఇనుప పలక మీదికి ఎలా పోయిందో, అంతమంది జ్ఞాపకంలోకి ఎలా పోయిందో, మా ఇద్దరి జ్ఞాపకాన్ని మాత్రం ఎందుకు వదిలేసిందో చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే వింటాను. దయ్యం అంటే మాత్రం ఒప్పుకోను. దయ్యానికి స్పీడు బోర్డుతో ఏం పని?

అక్కను చూడటానికి హిందూపురం పోవాలంటే ఆ వంపు దాటాల్సిందే. బండి నెమ్మదిస్తుంది, ఎవరూ తల ఎత్తి చూడరు. అక్కడ ఒకప్పుడు ఏమీ లేదని తెలిసినవాళ్లం ఈ లోకంలో ఇద్దరమే ఉన్నాం. ఆ రెండోవాడు నా పనినీ నా పేరునూ ఎత్తుకుపోయినవాడు. నేను చెప్పేది అక్షరం పొల్లుపోకుండా నమ్మేది వాడొక్కడే.